ఇంట్లోనే గాలపు కర్ర కట్టుకోవడం: బ్లాంకు దగ్గర్నుంచి ఆఖరి పూత దాకా

గాలపు కర్ర కట్టడంలో తేలిగ్గా వెనక్కి తీసుకోలేని పనులు రెండే. ఒకటి పిడిని బ్లాంకుకు, అంటే ఒట్టి కర్రకు, అతికించడం. రెండోది గైడ్ల (లైను, అంటే గాలపు తాడు, దూరి పోయే ఉంగరాల) మీద చుట్టిన దారానికి ఎపాక్సీ పూత వేయడం. మిగతాదంతా పొడి పని. నచ్చకపోతే విప్పొచ్చు, జరపొచ్చు, మళ్లీ చుట్టొచ్చు. అందుకే జిగురు మూత తీసేలోపు ప్రతి కొలతా తేలిపోవాలి. రీల్ (లైను చుట్టే చక్రం) ఎక్కడ కూర్చుంటుంది, గైడ్లు ఏ గీత మీద నిలబడతాయి, పిడి రంధ్రం ఎంత, ఇవన్నీ పొడిగా పెట్టి చూసుకున్నవాడికి తడి పని తేలికవుతుంది.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది ఏడడుగుల (213 సెం.మీ.) స్పిన్నింగ్ కర్ర, అంటే రీలూ గైడ్లూ కర్రకు కింద వేలాడే రకం. మొదటిసారి కట్టేవారికి ఇదే సరైనది. మరీ సన్నటి కర్ర అయితే చేతిలో నిలవదు. సముద్రపు మోటు కర్రలకేమో దారం రెండు పొరలు, ఖరీదైన గైడ్లు, ఎక్కువ పూత కావాలి. వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు.

బ్లాంకు

గైడ్లు, పిడి ఏమీ లేని ఒట్టి కర్రనే బ్లాంకు అంటారు. కార్బన్ నారను రెసిన్‌తో తడిపిన పల్చటి గుడ్డను ఒక ఉక్కు కడ్డీ మీద చుట్టి, వేడిచేసి గట్టిపరిచి, కడ్డీని బయటికి లాగేస్తే మిగిలేది లోపల బోలుగా ఉన్న ఈ గొట్టం. ఫైబర్‌గ్లాస్‌తోనూ చేస్తారు. అది బరువు ఎక్కువ, వంగడం మెత్తగా ఉంటుంది, దెబ్బలకు కార్బన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది.

బ్లాంకు మీద నాలుగు సంగతులు రాసి ఉంటాయి. పొడవు, పవర్, యాక్షన్, ఎంత లైనుకు ఎంత బరువు ఎరకు సరిపోతుందన్నది. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలన్న లెక్క, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఈ రెంటినీ కలగలిపేసేవారు చాలామంది. ఫాస్ట్ యాక్షన్ కర్ర పైనున్న మూడో వంతులోనే ఎక్కువగా వంగుతుంది, మోడరేట్ సగం దాకా వంగుతుంది, స్లో అయితే పిడి దాకా ఒరుగుతుంది. మొదటి కర్రకు మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్, ఒకే ముక్క బ్లాంకు తీసుకోండి. రెండు ముక్కలది తీసుకుంటే ఒక పని అదనంగా గుర్తుపెట్టుకోవాలి. ఒక ముక్క ఇంకో దాంట్లోకి దూరే చోట, బయటి గొట్టం అంచు మీద 15 నుంచి 20 మి.మీ. మేర దారం చుట్టి పూత వేయాలి. అది లేకపోతే మొదటి పెద్ద లాగుడికే ఆ అంచు నిలువునా చీలుతుంది.

కొస మందాన్ని అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 5 అని ఉంటే 5/64 అంగుళం, అంటే దాదాపు 2 మి.మీ. కొస గైడు గొట్టాన్ని ఈ అంకె చూసే ఎంచుకోవాలి. బ్లాంకు మీద రాసిన అంకెను నమ్మేకంటే కాలిపర్‌తో ఒకసారి కొలవడం మేలు.

సామగ్రి

రీల్ సీటు (రీల్‌ను బిగించే భాగం) ఒకటి, స్పిన్నింగ్‌కు 16 లేదా 17 సైజు. వెనక పిడి 23 సెం.మీ., ముందు పిడి 5 నుంచి 7 సెం.మీ., రెండూ కార్కు గానీ ఈవీఏ ఫోమ్ గానీ. మొదలు చివర పెట్టే రబ్బరు టోపీ. ముందు పిడి అంచును కప్పే చిన్న ఉంగరం, దాన్నే వైండింగ్ చెక్ అంటారు. గైడ్లు ఎనిమిది, కొస గైడు ఒకటి. ‘ఎ’ (A) సైజు నైలాన్ దారం ఒక చిన్న ఉండ. డి సైజు దారం ఇంతకన్నా మందం, మోటు కర్రలకే పనికొస్తుంది. ముద్దగా ఉండి కారిపోని రెండు భాగాల ఎపాక్సీ జిగురు, దారం పూతకు వేరుగా కర్రల కోసమే చేసిన పల్చటి ఎపాక్సీ. ఈ రెండూ ఒకదాని బదులు ఇంకొకటి పనికిరావు.

పనిముట్లలో సన్నటి ఆకురాయి, 220, 400 నంబర్ల ఉప్పుకాగితం, కొత్త బ్లేళ్లు, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న మెత్తటి బ్రష్షులు, 3 మి.లీ. పట్టే సిరంజిలు రెండు, స్పిరిట్ దీపం, హాట్ మెల్ట్ జిగురు కడ్డీ, తెల్ల మైనపు పెన్సిలు, నైట్రైల్ చేతి తొడుగులు ఉండాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీని ఈ పనికి తేవద్దు. అది పెళుసుగా ఆరుతుంది, తేమకు వదులుతుంది, పైగా పిడి సగం దూరేసరికే బిగుసుకుంటుంది.

దారం చుట్టే యంత్రం కొనక్కర్లేదు. అట్టపెట్టె రెండు పక్కలా వి ఆకారపు గాట్లు కోసి, అందులో మెత్తటి గుడ్డ అంటించి, కర్రను దానిమీద ఆనించండి. దారపు ఉండను ఒక గ్లాసులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్యగా తీసుకురండి. పుస్తకం మీద బరువు పెంచితే బిగుతు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. వందల కర్రలు కట్టినవారిలోనూ ఈ పుస్తకం పద్ధతి వదలనివారు ఉన్నారు.

వీపు సంగతి

కార్బన్ గుడ్డ చుట్టినప్పుడు మొదలూ చివరా ఒకదానిమీద ఒకటి పడిన చోట గోడ కాస్త మందంగా ఉంటుంది. ఆ వైపు బ్లాంకు బిర్రుగా ఉంటుంది. దీన్నే స్పైన్ అంటారు. కనుక్కోవడం తేలిక. మొదలును నున్నటి నేల మీద ఆనించి, కొస దగ్గర ఒక అరచేతిలో వదులుగా పట్టుకుని, రెండో చేత్తో మధ్యలో కిందికి నొక్కుతూ దొర్లించండి. ఒకచోట బ్లాంకు తనంతట తానే గెంతినట్టు తిరిగి ఆగుతుంది.

గైడ్లు తప్పకుండా ఈ స్పైన్ మీదే ఉండాలని, లేకపోతే కర్ర మెలితిరుగుతుందని పాత నమ్మకం. మెలికను తెచ్చేది ముఖ్యంగా గైడ్లు కర్రకు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నదే. స్పిన్నింగ్ కర్రలో గైడ్లు కిందే వేలాడతాయి కాబట్టి లైను లాగినప్పుడు అవి అక్కడే ఉండిపోతాయి, స్పైన్ ఎటున్నా సరే. అంతకన్నా ముఖ్యం బ్లాంకు తిన్నదనం. ఏ బ్లాంకూ బాణంలా ఉండదు, కొస ఎటోవైపు కాస్త వాలుతుంది. ఆ వాలు పక్కకు కనబడకుండా నిలువు గీతలో ఉండేలా తిప్పుకుని, కొస పైకి లేచేటట్టు పెట్టండి. అప్పుడు గైడ్ల బరువుకు అది సమంగా వస్తుంది. ఎంచుకున్న గీతను మొదలు దగ్గరా మధ్యలోనూ కొస దగ్గరా మైనపు పెన్సిలుతో గుర్తుపెట్టండి.

పిడి, రీల్ సీటు

భాగాలన్నీ కొస వైపు నుంచే ఎక్కించి మొదలు వైపు దించాలి. ముందు వెనక పిడి, తర్వాత రీల్ సీటు, తర్వాత ముందు పిడి, చివర వైండింగ్ చెక్. బ్లాంకు మొదలు వైపు లావెక్కుతుంది కాబట్టి పిడి రంధ్రం కూడా వెనక్కి వచ్చేకొద్దీ వెడల్పవ్వాలి. రంధ్రాన్ని పెంచడానికి కొసకు వచ్చేకొద్దీ సన్నబడే రీమర్ (రంధ్రంలో తిప్పి గీరే కడ్డీ) కావాలి. పాత విరిగిన కర్ర మొదలు ముక్క మీద 80 నంబరు ఉప్పుకాగితం పట్టీని మెలికలుగా అంటిస్తే అంతకన్నా మంచి రీమర్ దొరకదు. నాలుగు తిప్పులు తిప్పి, తీసి, దులిపి, బ్లాంకు మీద పెట్టి చూడండి. కార్కు ఉండాల్సిన చోటికి 10 నుంచి 15 మి.మీ. ముందు ఆగితే చాలు, జిగురు జారుడుకు మిగతా దూరం దిగుతుంది. బలవంతంగా దిగేటట్టు ఉంటే కార్కు నిలువునా పగులుతుంది. ఈవీఏ సాగుతుంది కాబట్టి రంధ్రం బ్లాంకు కన్నా ఒకటి రెండు మి.మీ. తక్కువ ఉన్నా ఫర్వాలేదు.

వెనక పిడి పొడవు మోచేతిని బట్టి ఉండాలి. రీల్ కాడను వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు కర్ర మొదలు మోచేతి దగ్గరికి వస్తే చాలు. 23 సెం.మీ. పిడికి రీల్ కాడ మొదలు నుంచి సుమారు 29 సెం.మీ. దగ్గర వస్తుంది. చాలామందికి ఇది సరిపోతుంది.

రీల్ సీటు లోపలి రంధ్రం బ్లాంకు కన్నా పెద్దది. ఆ సందును నింపే ఉంగరాల్నే ఆర్బర్లు అంటారు. కర్రలు పాడయ్యే చోట్లలో ఇది మొదటిది. మాస్కింగ్ టేపును సీటు పొడవునా చుట్టేస్తే జిగురు కాగితానికే అంటుకుంటుంది, బ్లాంకును తాకదు. తర్వాత నీరు చేరి కాగితం నాని, చేప లాగుతున్నప్పుడు సీటు చేతిలోనే తిరుగుతుంది. టేపే వాడితే 8 మి.మీ. వెడల్పు పట్టీలు మూడు, మధ్యలో 10 మి.మీ. చొప్పున ఖాళీ వదిలి చుట్టండి. ఆ ఖాళీల్లో జిగురు నిండి బ్లాంకును నేరుగా పట్టుకుంటుంది. గోడకీ గోడకీ మధ్య సందు ఒకటిన్నర మి.మీ. దాటితే మాత్రం టేపు వద్దు, గట్టి పాలీయురేథేన్ ఫోమ్ ఆర్బర్లు వాడండి. అవి బరువు లేనివి, నీటికి చెడవు.

అన్నీ పొడిగా ఎక్కించి, రీల్ బిగించి, గుర్తుపెట్టిన గీతకు రీల్ కాడ సరిగ్గా ఉందో లేదో చూసి, ప్రతి భాగం అంచు దగ్గరా పెన్సిలు గీత గీయండి. ఇప్పుడు అన్నీ తీసేసి, పిడి కింద పడే మేర మాత్రమే 220 ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్దండి. నార కనబడేదాకా రుద్దితే బ్లాంకు బలం పోయినట్టే. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి రుద్దండి లేదా ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఆల్కహాల్‌తో తుడిచాక వేలు తగలనివ్వొద్దు.

ముద్ద ఎపాక్సీ కలిపి బ్లాంకు మీద, పిడి కూర్చునే చోట పూయండి. పిడి రంధ్రంలో పూస్తే కొస నుంచి దించేటప్పుడు బ్లాంకు అంతటా పూసుకుంటూ వస్తుంది. మెల్లగా తిప్పుతూ దించండి, తిప్పడం వల్ల గాలి పోయి జిగురు చుట్టూ పరుచుకుంటుంది. సీటు మరల్లోకి జిగురు పోకుండా ముందే టేపు చుట్టి ఉంచండి. బయటికి వచ్చిన జిగురును ఆల్కహాల్ తడిపిన గుడ్డతో వెంటనే తుడవాలి. గట్టిపడే లోపు రీల్‌ను మళ్లీ బిగించి గీతతో సరిచూడండి, కొంచెం తిరిగి ఉంటే ఇప్పుడే సరిదిద్దాలి. తర్వాత రీల్ తీసేసి, కర్రను నిలబెట్టి ఒక రోజు వదిలేయండి.

కొస గైడు

దీన్ని ఎపాక్సీతో అతికించొద్దు. గైడ్లన్నిట్లోకీ ముందు విరిగేది ఇదే, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుంది. హాట్ మెల్ట్ కడ్డీ ముక్కను మంటలో మెత్తబరిచి బ్లాంకు కొసకు రాసి, గొట్టాన్ని కాస్త వేడిచేసి దూర్చి, గీతకు తిప్పి పట్టుకుంటే అర నిమిషంలో బిగుస్తుంది. మంటను బ్లాంకుకు మాత్రం తగలనివ్వొద్దు, రెసిన్ మెత్తబడితే కొస అక్కడే తెగుతుంది.

గైడ్లు ఎక్కడ

కర్ర నడత అంతా ఇక్కడే తేలుతుంది. స్పిన్నింగ్ రీల్ నుంచి లైను పెద్ద చుట్టలుగా బయటపడుతుంది. రీల్‌కు దగ్గరున్న పెద్ద గైడు ఆ చుట్టలను పట్టి చిన్నవి చేయాలి, తర్వాతి రెండు వాటిని ఇంకా బిగించాలి, అక్కణ్నుంచి కొస దాకా చిన్న గైడ్లు బ్లాంకు వంపు వెంట లైనును తీసుకుపోవాలి. మొదటి గైడు రీల్‌కు మరీ దగ్గరైతే లైను దానికి కొట్టుకుని దూరం తగ్గుతుంది. మరీ దూరమైతే లైను బ్లాంకును చరుస్తుంది.

ఏడడుగుల మీడియం కర్రకు, 2500 లేదా 3000 సైజు రీల్‌కు, కొస గైడు నుంచి కొలిస్తే ఈ దూరాలతో మొదలుపెట్టొచ్చు: 10, 21, 33, 47, 63, 80, 98, 118 సెం.మీ. గైడు రింగుల సైజులు రీల్ వైపు నుంచి 25, 16, 10, మిగతా ఐదూ 6. రీల్ స్పూలు అంచు నుంచి పెద్ద గైడు సుమారు 55 సెం.మీ. దూరంలో పడుతుంది. గైడ్ల సంఖ్యకు పాతకాలపు లెక్క ఒకటుంది. కర్ర ఎన్ని అడుగులో అన్ని గైడ్లు, వాటికి ఒకటి అదనం. అది స్పిన్నింగ్ కర్రలకు సరిగ్గానే వస్తుంది. గైడ్లు పైన ఉండే కాస్టింగ్ కర్రలకు ఇంకో ఒకటి రెండు కలపాలి, లేకపోతే వంగినప్పుడు లైను బ్లాంకును రుద్దుతుంది.

ఈ అంకెలు మొదలుపెట్టడానికే, ప్రతి బ్లాంకూ తన తీరున వంగుతుంది. గైడ్లను సన్నటి మాస్కింగ్ టేపు పట్టీలతో అంటించి, రీల్ పెట్టి లైను ఎక్కించి, లైను చివరను నేల మీది బరువుకు కట్టండి. కర్రను ఏటవాలుగా పట్టి నిదానంగా లాగి, కొస పిడికి అడ్డంగా తిరిగేదాకా వంచండి. పక్క నుంచి ఇంకొకరు చూడాలి, లేదా ఫోటో తీయాలి. లైను గైడు నుంచి గైడుకు వంపుతోపాటే సాగాలి. ఎక్కడైనా వంపుకు దూరంగా అడ్డదారిలో తిన్నగా పోతుంటే, అక్కడ రెండు గైడ్ల మధ్య దూరం ఎక్కువైందన్నమాట. అటూఇటూ ఉన్నవాటిని చెరో సెంటీమీటరు దగ్గరికి జరపండి. తర్వాత గాలం లేని సీసపు గుండు కట్టి, టేపు గైడ్లతోనే ఖాళీ మైదానంలో పది సార్లు తేలిగ్గా విసిరి చూడండి. పెద్ద గైడును రెండు సెం.మీ. అటూఇటూ జరిపితే విసురు దూరం మారడం స్పష్టంగా తెలుస్తుంది. దారం చుట్టాక ఈ అవకాశం ఉండదు. తేలిన దూరాలను ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, ఇదే బ్లాంకు మళ్లీ కట్టినప్పుడు పనికొస్తుంది.

గైడు పాదాలు

గైడ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పాదాల (బ్లాంకు మీద ఆనే లోహపు పట్టీల) చివర్లు మొద్దుగా ఉంటాయి. దారం ఆ మెట్టు ఎక్కలేక అక్కడ సందు వదులుతుంది. ఆకురాయితో పాదం పైభాగాన్ని చివరికి వచ్చేసరికి కత్తి అంచులా పల్చబడేటట్టు రాయండి. అడుగు భాగాన్ని ఉప్పుకాగితం మీద ఒకటి రెండుసార్లు లాగి నున్న చేయండి. గోరుతో తడిమితే ఎక్కడా గీరుకోకూడదు. అడుగున మిగిలిన ఒక్క పదునైన ముక్క కర్ర వంగిన ప్రతిసారీ బ్లాంకును కోస్తూ ఉంటుంది. గైడు పాదం దగ్గర కర్ర శుభ్రంగా తెగిపోయిందంటే కారణం చాలాసార్లు ఇదే. రాశాక 400 కాగితంతో మెరుగుపెట్టి ఆల్కహాల్‌తో తుడవండి.

దారం చుట్టడం

పాదం చివరకు 4 మి.మీ. అవతల, ఒట్టి బ్లాంకు మీద మొదలుపెట్టండి. దారాన్ని ఒక చుట్టు తిప్పి, దాని కొసను తర్వాతి చుట్ల కింద అణిచేలా ఐదారు చుట్లు వేసి, కొసను బ్లేడుతో కోసేయండి. అక్కణ్నుంచి కర్రను మీ వైపు తిప్పుతూ గైడు రింగు దిశగా పోవాలి. చుట్టుకు చుట్టు ఆనుకుని ఉండాలి, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ప్రతి సెంటీమీటరుకూ ఆగి, నున్నటి పెన్ను మూతతో ఒత్తి సందులు పూడ్చండి.

ఆగాల్సిన చోటుకు ఐదారు చుట్లు ఉందనగా, గట్టి దారాన్ని మడిచి చేసిన ఉచ్చును చుట్ల కింద పెట్టి, దానిమీద నుంచి మిగతా చుట్లు వేయండి. చివర బొటనవేలితో నొక్కిపట్టి, దారం పది సెం.మీ. వదిలి కోసి, ఉచ్చులోకి దూర్చి, ఉచ్చును లాగండి. దారం కొస చుట్ల కిందికి దూరి అవతలికి వస్తుంది. దాన్ని గట్టిగా లాగి పట్టుకుని కొత్త బ్లేడుతో చుట్ల మధ్యే కోయాలి. మొద్దు బ్లేడుతో రంపంలా కోస్తే పక్క చుట్టు తెగుతుంది, మొత్తం మళ్లీ చుట్టాలి. బ్లేడు బ్లాంకును గీరకూడదు.

ఒకే పాదం ఉన్న చిన్న గైడ్లలో, పాదం ముగిసి కాలు పైకి లేచే చోట దారాన్ని కాలు ముందుకు దాటించి మూడు చుట్లు వేసి ముగించండి. అప్పుడు గైడు ముందుకు జారదు. ఈ మూడు చుట్లూ లేని ఒంటి పాదపు గైడు ఏదో ఒక రోజు పూతలోంచి ఊడి లైను వెంటే పోతుంది.

బిగుతు ఎంత ఉండాలి? చుట్టడం అయ్యాక గైడును వేలితో గట్టిగా తోస్తే వెంట్రుకవాసి కదలాలి. అసలు కదలకపోతే బిగుతు ఎక్కువైంది, పల్చటి కొస దగ్గర బ్లాంకు మీద ఒత్తిడి పడుతుంది. తేలిగ్గా జారిపోతే తక్కువైంది. అన్ని గైడ్లూ అయ్యాక కర్రను కన్ను దగ్గర పెట్టుకుని మొదలు వైపు నుంచి కొస దాకా చూసి, ఒక్కొక్కదాన్ని వరుసలోకి తోయండి. వెలుతురు వైపు తిరిగి చూస్తే ఒక మి.మీ. తేడా కూడా తెలిసిపోతుంది. గంట ఆగి మళ్లీ చూడండి. అలిసిన కన్ను వంకరను కూడా సొంపుగానే చూస్తుంది.

రంగు గురించి ఒక మాట. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ పీల్చుకుని ముదురుతుంది, సగం పారదర్శకమౌతుంది. తెల్లదారం దాదాపు మాయమై కింద గైడు పాదం కనబడుతుంది. రంగు మారకూడదంటే ఎన్‌సీపీ (NCP, రంగు నిలిపే పూత అక్కర్లేని రకం) అని రాసిన దారం కొనండి. కలర్ ప్రిజర్వర్ అనే పూత ముందు పూసినా రంగు నిలుస్తుంది, కానీ అది ఎపాక్సీని దారంలోకి దిగనివ్వదు, పట్టు తగ్గుతుంది. పనికొచ్చే కర్రకు మామూలు దారమే మంచిది. దారాన్ని ఆల్కహాల్‌తో తడిపితే చివరికి ఏ రంగు తేలుతుందో ముందే దాదాపుగా తెలుస్తుంది. వజ్రాలు, చక్రాలు లాంటి అల్లికలు రెండో కర్రకు దాచుకోండి.

పూత

దుమ్ము లేని గది, 21 నుంచి 27 డిగ్రీల వేడి, పొడి రోజు చూసుకోండి. తేమ ఎక్కువున్న రోజు పూసిన ఎపాక్సీ మీద పాలపొరలాంటి మసక వస్తుంది. ఫ్యాన్ ఆపేయండి.

రెసిన్, హార్డెనర్ సమపాళ్లలో అని సీసా మీద ఉంటే, చెరో సిరంజితో 3 మి.లీ. చొప్పున తీసుకోండి. ఒక పొరకు అంత అక్కర్లేకపోయినా అంతకు తగ్గించొద్దు. 1 మి.లీ. కొలతలో 0.2 మి.లీ. పొరపాటు పడితే అది ఐదో వంతు తేడా, 3 మి.లీ.లో అదే పొరపాటు పదిహేనో వంతు. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనుకోవడం రంగుల పనిలోంచి వచ్చిన భ్రమ. ఎపాక్సీలో రెండూ ఒకదానితో ఒకటి జతకట్టి గట్టిపడతాయి, ఏది మిగిలినా అది జిగటగానే ఉండిపోతుంది. సిలికాన్ నూనె రాసిన వైద్యపు సిరంజిలు వాడితే పూతలో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి, నూనె లేనివి తెచ్చుకోండి. సిరంజిలనూ మూతలనూ తారుమారు చేయొద్దు.

నున్నటి లోహపు లేదా ప్లాస్టిక్ పుల్లతో మూడు నాలుగు నిమిషాలు నిదానంగా, గిన్నె అంచులూ అడుగూ గీరుతూ కలపండి. కర్రపుల్ల తన రంధ్రాల్లోని గాలిని పూతలోకి వదులుతుంది. కలిపాక అల్యూమినియం రేకు మీద పల్చగా పోసేయండి. గిన్నెలో ముద్దగా ఉంటే తన వేడికి తానే త్వరగా చిక్కబడుతుంది. రేకు మీద పరుచుకుంటే వేడి పోతుంది, బుడగలు పైకి తేలి పగులుతాయి, పనికి ఇంకో పది నిమిషాలు ఎక్కువ దొరుకుతాయి.

మొదటి పొర పల్చగా ఉండాలి. దాని పని దారంలోకి దిగడమే, మెరవడం కాదు. గైడు పాదానికి అటూఇటూ దారం కింద చిన్న సొరంగాలు ఉంటాయి. అందులోని గాలి తర్వాత వేడెక్కి బుడగలై పైకి వస్తుంది. కాబట్టి బ్రష్షును ముందు అక్కడే ఆనించి, ఎపాక్సీ లోపలికి దిగేదాకా ఆగి, ఆ తర్వాత మిగతా దారం మీద పూయండి. దారం అంచు దాటి 1 మి.మీ. మేర బ్లాంకు మీద కూడా పడాలి, అక్కడే నీరు లోపలికి దూరకుండా మూసుకుంటుంది. మిగిలిన బుడగలకు స్పిరిట్ దీపం మంటను కింద నుంచి ఆగకుండా ఒక్క క్షణం కదిపితే చాలు, వేడికి పూత పల్చబడి అవి పగిలిపోతాయి. మంట ఒకే చోట నిలిస్తే దారం కరుగుతుంది. ఆల్కహాల్ సీసాను ఆ దరిదాపుల్లో ఉంచొద్దు.

తర్వాత కర్రను తిప్పుతూ ఉండాలి. నిమిషానికి 6 నుంచి 10 చుట్లు తిరిగే చిన్న మోటారు ఉంటే సుఖం. లేకపోతే చేత్తోనే, మొదటి అరగంట ప్రతి రెండు నిమిషాలకు అర చుట్టు, తర్వాత రెండు గంటలు ఐదు నిమిషాలకోసారి, పూత కదలడం మానేదాకా తిప్పండి. పది నిమిషాలయ్యాక ఒకసారి ఆపి చూస్తే ఎక్కువైన ఎపాక్సీ అడుగున బొట్టుగా చేరుతుంది. దాన్ని బ్రష్షుతో తీసేయండి. తీయకపోతే ఆరాక ప్రతి గైడూ గుమ్మడిగింజలా ఉబ్బి కనబడుతుంది.

రెండో పొర మర్నాడు. అంతకు ముందు పొరలో దుమ్ము గింజలుంటే బ్లేడుతో చెక్కి, ఆల్కహాల్‌తో తుడిచి పూయండి. రెండు రోజులు దాటితే 400 కాగితంతో మెరుపు తీసి పూయాలి, లేకపోతే పొరకు పొర పట్టదు. రెండు పొరలు చాలు, ఆ పైన పెరిగేది బరువే. ముట్టుకుంటే అంటనంతగా ఒక రోజులో ఆరినా, చేప లాగడానికి వారం ఆగండి. అప్పటికి గానీ పూర్తి గట్టిదనం రాదు.

ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే జీవితాంతం పోని అలర్జీ పుట్టొచ్చు. తొడుగులు లేకుండా కలపొద్దు. ఇంకొకటి, కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. విద్యుత్ తీగల కింద, ఉరుముల వేళ దాన్ని పైకెత్తి పట్టుకోవద్దు.

తేడా వచ్చినప్పుడు

రెండు రోజులైనా పూత జిగటగా ఉంటే కొలతో కలపడమో తప్పింది. కొంచెమే అంటుతుంటే, సరిగ్గా కలిపిన ఇంకో పల్చటి పొర పైన వేస్తే మూసుకుపోతుంది. వేలు ఆనిస్తే లోపలికి దిగేటట్టు ఉంటే తీసేయడం తప్ప దారి లేదు. పాలలాంటి మసకకు గోరువెచ్చని నీటితో తుడిచి, ఆరబెట్టి, 400 కాగితం తిప్పి మళ్లీ పూయండి. చేపకళ్లు పడితే ఆ చోట వేలి జిడ్డో, నూనో ఉందన్నమాట. ఆరాక గీరి, ఆల్కహాల్‌తో తుడిచి పూయాలి. రెసిన్ సీసాలో తెల్లటి గింజలు కట్టి కనిపిస్తే పారేయక్కర్లేదు, సీసాను వేడినీళ్లలో పెడితే కరిగి మామూలవుతుంది. చల్లారాకే కొలవండి.

గైడు వంకరగా బిగిసిపోతే, లేదా తర్వాత రింగు పగిలి మార్చాల్సి వస్తే, హెయిర్ డ్రైయర్‌తో ఆ చోటును వెచ్చబరిచి, బ్లేడును గైడు పాదం లోహం మీదే పడుకోబెట్టి పొడవునా పూతనూ దారాన్నీ కోయండి. బ్లాంకు వైపు ఎప్పుడూ కోయొద్దు, నార మీద ఒక్క గీటు పడినా కర్ర ఎప్పుడైనా అక్కడే తెగుతుంది. కోసిన చోట గోరుతో ఎత్తితే దారం పెంకులా ఊడి వస్తుంది. మిగిలిన ఎపాక్సీని మళ్లీ వెచ్చబరిచి గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీరి తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, రాసిపెట్టుకున్న దూరాల కాగితం చూసి కొత్త గైడు పెట్టండి.